మిరప పొయ్యి మీద నా సంతకం

ఆగస్టు 21, మంగళవారం

ఇవాళ ఇరవై నాలుగు కరెంటు మిరప పొయ్యిలు పరీక్షించాను. అన్నీ పాసయ్యాయి. మీటరు ముల్లు ఒక్కసారైనా పచ్చగీత దాటలేదు. ఆఖరి పొయ్యి నా బల్ల మీద పెడుతూ డోబ్రి, "ఎప్పుడైనా ఫెయిలయ్యాయా ఏంటి? కళ్లు మూసుకుని పాస్ అని రాసెయ్యరాదూ" అన్నాడు. ముప్పై ఒక్కేళ్లు కాపురం చేశాక కూడా మా ఆయనకి నా పని అర్థం కాలేదు. కళ్లు మూసుకుని రాసేదాన్నయితే మోటార్ల ఫ్యాక్టరీలో నా ముద్రంటే ఫోర్‌మన్లు అంత హడలిపోయేవాళ్లు కాదు. ఆ ఫ్యాక్టరీ మూతపడి ఇరవై ఏళ్లయింది గానీ నాకు ఆ అలవాటు పోలేదు.

పెట్టెల్లో వేసే డిక్లరేషన్లకి కూడా సంతకాలు పెట్టాను. ఈ పొయ్యి యూరప్ నిబంధనలన్నిటికీ సరిపోతుందనీ, సోఫియా ల్యాబ్‌లో పరీక్షకి పంపిన నమూనా ఎలా ఉందో ఇదీ అచ్చంగా అలాగే ఉందనీ, అలా లేకపోతే జవాబు చెప్పుకోవలసింది నేనేననీ దాని సారాంశం. కింద నా పేరు, జ్లాతినా కరాజోవా. దాన్ని ఎవరూ చదవరు. కాల్చిన మిరపకాయల తొక్క తీసి అందులోనే చుట్టి పారేస్తారు. అయినా నేను మాత్రం ఒక్కోటీ చదివే సంతకం పెడతాను.

ఆగస్టు 24, శుక్రవారం

ఇరవై ఆరు. అన్నీ పాస్.

మా పెళ్లిపెద్ద కుమ్ రూసి వ్యాను నిండా వేసుకుని ప్లెవెన్ సంతకి వెళ్లాడు. ఈ రోజుల్లో ఎన్ని చేసినా చాలవు. సెప్టెంబరంతా ఈ దేశంలో మిరపకాయలు కాల్చని బాల్కనీ ఉండదు, ల్యుతెనిత్స పచ్చడి సీసాల్లోకి ఎక్కని ఇల్లుండదు. "జ్లాతే, నీ చేతి సంతకం ఇప్పుడు దేశమంతా తిరుగుతోంది" అని కుమ్ వెక్కిరించాడు. నాకు లోపల్లోపల బాగానే అనిపించింది.

మా పెళ్లిలో మా ఇద్దరి నెత్తిన కిరీటాలు పట్టి మార్చినవాడు ఆయన. మా అమ్మాయికి పేరు పెట్టింది ఆయన. ఏటా క్షమాపణల ఆదివారం నాడు బానిత్స రొట్టె చేసుకెళ్లి ఆయన చెయ్యి ముద్దుపెట్టుకుని, ఏడాదిలో చేసిన తప్పులు క్షమించమని అడిగి వస్తాం. అలాంటి మనిషి ఆరేళ్ల కిందట వచ్చి, "పెట్టుబడి నాది, చెయ్యి డోబ్రిది, బుర్ర జ్లాతినాది, ఒక వర్క్‌షాపు పెడదాం" అంటే కాదనగలమా. కంపెనీ మాత్రం నా పేరు మీదే పెట్టించాడు. చదువుకున్నదాన్ని, కాగితాలు నాకే తెలుస్తాయని. సామాను కొనడం, అమ్మడం ఆయన పని. చేయడం డోబ్రి పని. పరీక్ష, ఫైళ్లు, సంతకాలు నావి. పెట్టెలు బరువు కాబట్టి ప్యాకింగు మగవాళ్లు చూసుకుంటారు.

ఫ్యాక్టరీలో అయితే కట్టిన పెట్టెల్లోంచి కూడా ఇరవైకొకటి విప్పించి చూసేదాన్ని. ఇక్కడ విప్పను. కుమ్ తాడు బిగించిన పెట్టెని విప్పడమంటే కుమ్‌ని దొంగ అన్నట్టే. మా ఊళ్లో అలాంటి పని ఎవరూ చేయరు.

ఆగస్టు 28, మంగళవారం

ముప్పై. అన్నీ పాస్. నడుం పట్టేసింది.

ఆగస్టు 31, శుక్రవారం

టర్నోవో తనిఖీ కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. లోవెచ్‌లో బిసేరా అనే ఆవిడ, అరవై ఎనిమిదేళ్ల మనిషి, బాల్కనీలో మిరపకాయలు కాలుస్తోందట. ఒక చెయ్యి పొయ్యి రేకు మీద, రెండో చెయ్యి ఇనప కటకటాల మీద ఉన్నాయి. షాక్ కొట్టి విసిరేసింది. అరచెయ్యి కాలిపోయింది. ఆస్పత్రిలో ఉంది, ప్రాణాపాయం లేదు. పొయ్యి నంబరు 311. తయారుచేసిన కంపెనీ మాది. అమ్మకాలు వెంటనే ఆపాలి. పద్దెనిమిదో తేదీన ఇన్‌స్పెక్టర్ వస్తుంది, సాంకేతిక ఫైలు, పరీక్షల పుస్తకం సిద్ధంగా ఉంచాలి.

పుస్తకం తీసి చూశాను. 311, ఆగస్టు పది, పచ్చగీత లోపల, పాస్. నా రాతే. దస్తూరి చక్కగానే ఉంది.

సెప్టెంబరు 1, శనివారం

కుమ్ వచ్చి బల్ల మీద అరచేత్తో కొట్టి, "ఆ ముసలావిడే ఏదో వైరు మార్చి ఉంటుంది. మన పొయ్యికేం రోగం?" అన్నాడు. డోబ్రి కూడా అంతే అన్నాడు. నేనూ అంతే అన్నాను. ముగ్గురం రకియా తాగాం.

సెప్టెంబరు 3, సోమవారం

పొద్దున్నే ఎవరూ రాకముందు గోదాములోకి వెళ్లి కట్టిన పెట్టె ఒకటి విప్పాను. ఆరేళ్లలో ఇదే మొదటిసారి.

పొయ్యి బోర్లించి అడుగు రేకు తీశాను. ల్యాబ్‌కి పంపిన నమూనాకి ఉన్న వైరు నా చిటికెన వేలంత లావు ఉండేది. ఇది బూటు లేసులా ఉంది. చివర చెక్కి, తలుపు మీద నోటీసు పట్టుకునే అయస్కాంతం తెచ్చి పెట్టాను. టక్కున అతుక్కుంది. రాగికి అయస్కాంతం అతుక్కోదు. ఇది రాగి పూత పూసిన ఇనుము. ఆ వేడికి ఇలాంటి వైరు మీది తొడుగు కరిగిపోతుంది. కరెంటు రేకులోకి దిగుతుంది. ఎర్త్ తీగ పనికిరాక మనిషి ఒంట్లోంచి పోతుంది. ఆగస్టు పదిన లోవెచ్ ఆవిడ పొయ్యికి నేను పాస్ అని రాశాను.

ఇంకో ఐదు విప్పాను. ఐదూ అంతే.

మళ్లీ తాడు కట్టాను గానీ నా ముడి కుమ్ ముడిలా రాలేదు. ఆయన గుర్తుపడతాడేమోనని రోజంతా గుబులు పడ్డాను. ఎవరు ఎవరికి భయపడాలో కూడా తెలియలేదు నాకు.

సెప్టెంబరు 4, మంగళవారం

ఇద్దరికీ చెప్పాను. కుమ్ తల పట్టుకున్నాడు.

"ఆ ప్లోవ్‌డివ్ వాడు, వైరు అమ్మినోడు, మన కొంప ముంచాడు. రాగి అని డబ్బు తీసుకుని ఇనుము అంటగట్టాడు."

"అయితే నా మీటరు ఎలా పాస్ చేసింది కుమె?"

కుమ్ డోబ్రి వైపు చూశాడు. డోబ్రి గొంతు సవరించుకుని, "మీటరు పాతది కదా జ్లాతే. ఫ్యాక్టరీ మూసేటప్పుడు తెచ్చుకున్నావు. దానికీ వయసైపోయి ఉంటుంది" అన్నాడు.

"ఎవరికైనా జరుగుద్దమ్మా. నిన్నెవరూ తప్పుపట్టడం లేదు" అన్నాడు కుమ్.

బల్ల మీద పరీక్షించినప్పుడు లావు వైరే చూసినట్టు గుర్తు. కానీ నేను చూసేది ముల్లుని, వైరుని కాదు. గుర్తుదేముంది, మనం ఎలా అనుకుంటే అలా వంగుతుంది.

సెప్టెంబరు 5, బుధవారం

నా మీటరే తప్పు చెప్పి ఉంటుంది. అలా అనుకున్నాక నిన్న నిద్ర పట్టింది. మీటరుది తప్పయితే మనుషులెవరిదీ కాదు. అమ్మినవాడు ఎక్కడో ప్లోవ్‌డివ్‌లో ఉన్నాడు, వాడి ముఖం నేను చూడలేదు, వాణ్ని తిట్టుకుంటే సరిపోతుంది. నేనే పొరపాటు చేశాననుకుంటే ప్రాణానికి ఎంత హాయిగా ఉందో చెప్పలేను. మీటరుని సరిచూడమని టర్నోవో పంపాను.

ఈ సీజన్‌లో అమ్ముడుపోయినవి నాలుగు వందల పన్నెండు ఉన్నాయి, వెనక్కి పిలిపించాలి అన్నాను. "ఇన్‌స్పెక్టర్ వచ్చి పోనీ. ముందే దండోరా వేస్తే మన మెడకి మనమే ఉరి తగిలించుకున్నట్టు" అన్నాడు కుమ్. నేను ఊరుకున్నాను. ఊరుకోకూడదని తెలిసే ఊరుకున్నాను.

సెప్టెంబరు 8, శనివారం

వీధంతా కాలిన మిరపకాయల వాసన. కిటికీలన్నీ మూసేశాను.

సెప్టెంబరు 10, సోమవారం

కుమ్ కాగితం టైపు చేయించి తెచ్చాడు. పరీక్ష మీటరు పాడైనందువల్ల పొరపాటు జరిగిందనీ, పరీక్షల బాధ్యత పూర్తిగా నాదేననీ, మిగతా ఇద్దరికీ దీని గురించి ఏమీ తెలియదనీ అందులో ఉంది.

"ఇలా రాస్తే జరిమానాతో పోద్దంట. లాయరు చెప్పాడు. పొరపాటు అయితే జరిమానా, మోసం అయితే కేసు. నీ మంచికే చెప్తున్నానమ్మా."

మీటరు తిరిగి వచ్చాక చూద్దామన్నాను. డోబ్రి నా భుజం మీద చెయ్యి వేసి, "కుమ్ ఇంత తిరిగి తెచ్చాడు, పెట్టెయ్ జ్లాతే" అన్నాడు.

చదివి సంతకం పెట్టాను. కుమ్ నా నుదుటి మీద ముద్దు పెట్టుకున్నాడు.

సెప్టెంబరు 13, గురువారం

మీటరు వచ్చింది, సర్టిఫికెట్టుతో సహా. వెంట్రుకవాసి తేడా కూడా లేదట. ఆ పాత ముసలిది నాకంటే నికరంగా ఉంది.

మీటరు సరైనదైతే ఆ సన్నని వైరుని అది ఎప్పటికీ పాస్ చేయదు. అంటే నేను బల్ల మీద పరీక్షించిన వైర్లు పెట్టెల్లోకి వెళ్లలేదు. పాతిక ముప్పై మంచి వైర్లు నా బల్ల దగ్గరికి వస్తున్నాయి, పాసవుతున్నాయి, ప్యాకింగులో ఊడిపోయి మళ్లీ వచ్చే వారం నా బల్ల మీదికే వస్తున్నాయి.

కుమ్ అలా చేయడు. కిరీటాలు పట్టిన చేతులు అవి. కానీ ప్యాకింగు దగ్గర ఉండేది ఆయనే. డోబ్రి రోజూ ఐదింటికల్లా ఇంట్లో ఉంటాడు. మంగళవారం, శుక్రవారం కాస్త ఆలస్యమవుతుంది, అంతే.

డోబ్రికి చెప్పాను. "కుమ్‌తో నేను మాట్లాడతాను, నువ్వు తొందరపడకు" అన్నాడు. అన్నం తిన్నాక గిన్నెలు తనే కడిగాడు. ఈ ముప్పై ఒక్కేళ్లలో ఎన్నడూ గిన్నెలు ముట్టని మనిషి. నా బాధ చూడలేకపోతున్నాడు పాపం.

సెప్టెంబరు 14, శుక్రవారం

ఆగలేకపోయాను. మాకు సరుకు అమ్మిపెట్టే పదహారు దుకాణాలకీ ఫోన్ చేశాను. మా పొయ్యి ఎవరు కొన్నా ప్లగ్గు తీసేసి వెనక్కి తెమ్మనండి, గోడకి నోటీసు అంటించండి, కింద నా పేరు రాయండి అని చెప్పాను. గాబ్రోవో దుకాణం ఆయన, "అమ్మా, మీరేనా సొంతంగా చెప్తున్నది? ఎవరైనా ఇలా చెప్పుకుంటారా?" అని రెండుసార్లు అడిగాడు.

సాయంత్రం కుమ్ ఫోన్ చేశాడు. తిట్టలేదు. "సరే అమ్మా. నీ దారి నువ్వు చూసుకున్నావు" అని పెట్టేశాడు. తిట్టినా బాగుండేది.

సెప్టెంబరు 18, మంగళవారం

ఇన్‌స్పెక్టర్ పేరు మారించేవా. నలభై ఏళ్లుంటాయి, మాట తక్కువ. గోదాములో పది పెట్టెలు విప్పించింది. పదింట్లోనూ బూటు లేసే. అన్నిటికీ సీలు వేసింది.

తర్వాత నా పరీక్షల పుస్తకం అడిగింది. నేను లేచేలోపే కుమ్ తీసి ఇచ్చాడు, దాని మీద నేను సంతకం పెట్టిన కాగితం కూడా పెట్టి.

"మేమేం చదువుకున్నాం మేడం. నేను అమ్ముకునేవాణ్ణి, ఇతను చేసేవాడు. ఆవిడ పాస్ అంటే కట్టేవాళ్లం, ఫెయిలంటే పక్కన పెట్టేవాళ్లం. ఆరేళ్లలో ఒక్కటి పక్కన పెట్టమనలేదు."

నేను మీటరు సర్టిఫికెట్టు చూపించాను. మీటరు చక్కగా ఉంది, నేను పరీక్షించిన వైర్లు ఇవి కావు, ప్యాకింగులో మార్చారు అన్నాను. చెప్తుంటే నా చెవులకే అది అబద్ధంలా వినిపించింది.

కుమ్ నిట్టూర్చాడు. "మీటరు బాగానే ఉందంటే ఇంకేముంది మేడం. పరీక్షించకుండానే పాస్ అని రాసుకుంది. రోజుకి ముప్పై పొయ్యిలు, వయసు మీద పడుతోంది, ఎవరు మాత్రం చేస్తారు."

ఇన్‌స్పెక్టర్ డోబ్రి వైపు తిరిగి, "మీరేమంటారు?" అంది.

నేనూ డోబ్రి వైపు చూశాను. అతను నేల చూశాడు. "నేను కాయిల్ చుడతానండి. పరీక్షలవీ ఆవిడే చూసుకుంటుంది" అన్నాడు.

ఆవిడట. నా పేరు కూడా నోటికి రాలేదు మహానుభావుడికి.

ఇరవై ఎనిమిదో తేదీ లోపు రుజువుతో జవాబు ఇవ్వాలి. లేకపోతే తప్పుడు డిక్లరేషను ఇచ్చినందుకు నా మీద కేసు. ఇకమీదట దేని మీదా సంతకం పెట్టే అర్హత ఉండదు. ఇరవై రెండేళ్లు ముద్ర వేసిన చెయ్యి ఇది. ఒక్క పొయ్యి కూడా పరీక్షించకుండా వదల్లేదు నేను. ఇది ఇక్కడ రాసుకోవడానికి తప్ప ఎవరికి చెప్పుకోను.

సెప్టెంబరు 19

భయపడి అలా అన్నానన్నాడు డోబ్రి. కుమ్ ఎదురుగా ఏమనగలను అన్నాడు. నిజమే. అతను మెత్తనివాడు. అతనికి ఏమీ తెలియదు కాబట్టే ఏమీ చెప్పలేకపోయాడు.

అలా అనుకోకపోతే ఈ ఇంట్లో ఎలా ఉండాలి.

సెప్టెంబరు 22, శనివారం

సెలవు. ఇరవై కిలోల మిరపకాయలు వారం కిందట కొన్నవి మెత్తబడిపోతున్నాయి. పారేయడానికి మనసొప్పలేదు. బాల్కనీలోకి మా పొయ్యి తెచ్చాను. జూలైలో పాతది కాలిపోతే ఆగస్టులో డోబ్రి ఇంటికి కొత్తది తెచ్చాడు, ఇంకా వెలిగించలేదు. మిగతావాటిలాగే దీనిలోనూ ఇనప వైరే ఉంటుంది కదా, ముందు అది మార్చుకుని కాల్చుకుందామని బోర్లించి అడుగు రేకు తీశాను.

లావు వైరు. చిటికెన వేలంత. అయస్కాంతం పెడితే జారి పళ్లెంలో పడింది.

నిజం చెప్పాలంటే మొదట సంతోషం వేసింది. మంచివి కూడా కొన్ని వెళ్లాయన్నమాట, నేను పరీక్షించిన మాట నిజమేనన్నమాట అనుకున్నాను. ఆ తర్వాత నంబరు చూశాను. 309. పుస్తకంలో ఆగస్టు పది. లోవెచ్ ఆవిడ 311 కూడా అదే రోజు, అదే వరసలో, నా బల్ల మీది నుంచే వెళ్లింది.

309కి, 311కి మధ్య ఇంకొకటి ఉంది. మా ఇంటికి మంచిది వచ్చిందంటే కుమ్ ఇంటికీ వచ్చి ఉంటుంది. ఫోన్ తీసి కుమ్ భార్య, మా కుమా, వాసిల్కాకి చేశాను. ఆవిడ నోట అబద్ధం రాదు, అసలు ఆవిడకి ఏ విషయమూ చెప్పరు.

"కుమో, మీ ఇంట్లో మిరప పొయ్యి మాదేనా?"

"మీది కాకపోతే ఎవరిదే? బ్రహ్మాండంగా కాలుస్తోంది. యాభై సీసాలు పెట్టా ఈసారి."

"దాని నంబరు చూసి చెప్తారా? పక్కన చిన్న రేకు ఉంటుంది."

చెప్పులు టపటపమన్నాయి. "మూడు ఒకటి సున్నా. ఎందుకే?"

"వైరు లావుగా ఉందా, సన్నగా ఉందా?"

"లావే. కరెంటాఫీసు వైరులా ఉంది. రూసి వ్యానులోంచి ఏదో పెట్టె దించబోతే మీ ఆయన ఆపాడు. 'అది వద్దు కుమె, ఇళ్లకి రెండు విడిగా తీసిపెట్టాను, కుమా చెయ్యి పడేది దీని మీద' అని తనే మోసుకొచ్చాడు. బంగారంలాంటి మనిషి మీ డోబ్రి. నీ అదృష్టం."

ఔనన్నాను. మిరపకాయలు ఎన్ని కిలోలు కొన్నారని అడిగాను. ఏదో చెప్పింది, వినపడలేదు.

ఇళ్లకి రెండు విడిగా తీసిపెట్టాడు. అంటే మిగతావి ఏమవుతాయో అతనికి తెలుసు.

డోబ్రి తోటలోంచి టమాటాల బుట్టతో వచ్చాడు. బోర్లించిన పొయ్యిని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. అతనే మొదలుపెట్టాడు.

"వైరు రేటు రెండింతలైంది జ్లాతే. ఈ ఒక్క సీజనే అన్నాడు కుమ్. పాత అపార్టుమెంట్లలో ఎర్తే సరిగా ఉండదు, ఎవడు చూస్తాడన్నాడు."

"నువ్వు సరేనన్నావు."

"కుమ్ అడిగితే కాదంటామా?"

"నన్ను అడగొచ్చుగా."

"నువ్వు ఒప్పుకోవుగా."

ప్రతి మంగళవారం, ప్రతి శుక్రవారం నేను పరీక్షించిన వైర్లు తన చేత్తో ఊడదీసి, ఆ దొంగ వైర్లు బిగించి, ఇంటికొచ్చి నా నడుముకి మందు రాసేవాడు. అదే చెయ్యి.

"మరి మనింటికి మంచిది ఎందుకు పెట్టావు?"

అతనికి ఆ ప్రశ్న అర్థం కాలేదు. నా ముఖంలోకి అమాయకంగా చూశాడు.

"నువ్వు ముట్టుకుంటావు కదా" అన్నాడు.

ఈ మాటకి నేను కరిగిపోతాననే అనుకున్నాడు. నేను ముట్టుకుంటాను కాబట్టి నాకు మంచిది. నేను చచ్చిపోకూడదు. నా పేరు పెట్టుకుని నాలుగు వందల పన్నెండు ఇళ్లలో ఎవరు చచ్చినా ఫరవాలేదు. ఇన్‌స్పెక్టర్ ముందు నన్ను ఆవిడ అన్నా ఫరవాలేదు. కుమ్ నన్ను మోసం చేశాడంటే కోపం వచ్చింది, తిట్టుకున్నాను. డోబ్రి మీద కోపం కూడా రావడం లేదు.

టమాటాలు బుట్టతో సహా వంటింట్లో పెట్టి, చేతులు కడుక్కుని, అమ్మాయి గదిలో గడియ వేసుకుని పడుకున్నాను.

సెప్టెంబరు 23

ఏమీ రాయబుద్ధి కావడం లేదు.

డోబ్రి తలుపు అవతల నిలబడి, "నేను జైలుకి పోతే నీకు సంతోషమా?" అని అడిగాడు. కాసేపాగి, "మిరపకాయలు నేను కాల్చనా?" అని అడిగాడు.

సెప్టెంబరు 24, సోమవారం

ఏడింటి బస్సుకి టర్నోవో వెళ్లాను. పొయ్యిని దుప్పటిలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. పక్క సీటావిడ, "రిపేరుకా?" అని అడిగింది. ఔనన్నాను. ఈ సీజన్‌లో పొయ్యి చెడితే ఎంత కష్టమో చెప్పుకుంటూ వచ్చింది దారంతా.

మారించేవా గదిలో బల్ల మీద పెట్టి, అడుగు రేకు విప్పి చూపించాను. ఆవిడ చాలాసేపు టార్చి వేసి చూసింది. నంబరు రాసుకుంది. వైరు తడిమి చూసింది.

"ఇది ఎవరిదండీ?"

"మా ఇంట్లోది."

"దీన్లో దోషం నాకేం కనపడటం లేదే."

"ఏమీ లేదండి. అందుకే తెచ్చాను."

ఆవిడ టార్చి ఆర్పి నా వైపు చూసింది. 310 ఎవరింట్లో ఉందో చెప్పాను. అది కూడా ఇలాగే ఉంటుందని చెప్పాను. 311 సంగతి చెప్పాల్సిన పని లేకపోయింది. ఆవిడే కుర్చీ దగ్గరికి లాక్కుని తెల్లకాగితం తీసింది.

"వైర్లు మార్చింది ఎవరు? చేత్తో మార్చిన మనిషి. పూర్తి పేరు చెప్పండి."

నెమ్మదిగా, తప్పు లేకుండా రాసుకునేలా చెప్పాను. డోబ్రి. తండ్రి పేరు మీద వచ్చేది, మించెవ్. చివర మా ఇంటిపేరు, కరాజోవ్. ఆవిడ చివరిది రాస్తూ తలెత్తి, ఎదురుగా ఉన్న నా డిక్లరేషన్ మీది సంతకం వైపు ఒకసారి చూసి, మళ్లీ రాయడం మొదలుపెట్టింది.